హ్యూగో సైట్ ల్యాప్‌టాప్‌లో బాగుంది, గిట్‌హబ్ పేజెస్‌లో సీఎస్ఎస్ లేదు, రెండు పోస్టులు మాయం. ఎక్కడ చూడాలి?

మీరు అడిగినది మూడు ముక్కల్లో: ల్యాప్‌టాప్‌లో హ్యూగో (రాసిన టెక్స్ట్ నుంచి వెబ్ పేజీలు తయారుచేసే ప్రోగ్రామ్) సర్వర్ నడిపితే సైట్ చక్కగా ఉంది. గిట్‌హబ్ పేజెస్‌కి (గిట్‌హబ్ ఇచ్చే సైట్ హోస్టింగ్‌కి) ఎక్కించాక రంగూ రూపూ పోయి ఉత్త అక్షరాలు మిగిలాయి. పోస్టుల్లో రెండు అసలు కనిపించడం లేదు. ల్యాప్‌టాప్‌లో హ్యూగో సర్వర్ చూపే 1313 పోర్టులో మీరు చూస్తున్న బిల్డ్ (తయారైన పేజీల కట్ట) వేరు, జనానికి చేరే బిల్డ్ వేరు. మీ ఇబ్బంది అంతా ఆ తేడాలోనే ఉంది.

ముందు సీఎస్ఎస్, అంటే సైట్ రంగూ రూపూ చెప్పే ఫైలు. రిపో (గిట్‌హబ్‌లో మీ ఫైళ్లుండే చోటు) పేరు మీ యూజర్‌నేమ్‌తో మొదలై గిట్‌హబ్.ఐఓతో ముగిసేది కాకపోతే, సైట్ రిపో పేరు కింద తెరుచుకుంటుంది. రిపో పేరు 'బ్లాగ్' అనుకుందాం, చిరునామా చివర /బ్లాగ్/ వస్తుంది. సెట్టింగుల ఫైలు హ్యూగో.టామల్‌లో బేస్‌యూఆర్ఎల్ (సైట్ చిరునామా) మాత్రం కొత్త సైట్ తెరిచిన రోజు ఉన్న ఎగ్జాంపుల్.ఆర్గ్ దగ్గరే ఆగిపోయి ఉంటుంది. అందుకే లోకల్‌లో అన్ని ఫైళ్లూ రూట్ నుంచే దొరుకుతాయి, లైవ్‌లో దొరకవు. అక్కడ పూర్తి చిరునామా రాయండి, హెచ్‌టీటీపీఎస్ నుంచి చివరి స్లాష్ దాకా. రాసిన వెంటనే హ్యూగో సర్వర్ కూడా లోకల్‌హోస్ట్:1313/బ్లాగ్/ దగ్గర తెరుచుకుంటుంది, కాబట్టి తప్పు ఏదైనా ఉంటే ఇంట్లోనే బయటపడుతుంది.

అప్పటికీ రాకపోతే టెంప్లేట్‌లో సీఎస్ఎస్ దారి స్లాష్‌తో మొదలై ఉంటుంది. రెల్‌యూఆర్ఎల్ ఫంక్షన్ వాడాం కదా అనుకుంటారు చాలామంది. స్లాష్‌తో మొదలైన దారిని ఆ ఫంక్షన్ డొమైన్ మొదటి నుంచి లెక్క వేస్తుంది, మధ్యలో /బ్లాగ్/ చేర్చదు. ముందు స్లాష్ తీసేసి ఇవ్వండి, చేరుస్తుంది. మార్క్‌డౌన్‌లో స్లాష్‌తో రాసిన బొమ్మల దారులదీ ఇదే జబ్బు. వాటికి పోస్టుకో ఫోల్డర్ పెట్టి, అందులో ఇండెక్స్.ఎండీ, పక్కనే బొమ్మ ఉంచి, ఉత్త ఫైలు పేరుతో పిలవడమే నయం. పేరులో పెద్దక్షరం, చిన్నక్షరం తేడా చూసుకోండి. జేపీజీ అని క్యాపిటల్స్‌లో ఉన్న ఫైలును చిన్నక్షరాల్లో పిలిచినా విండోస్, మ్యాక్ మామూలుగా సర్దుకుపోతాయి. గిట్‌హబ్ పేజెస్ సర్దుకోదు, 404 ఇస్తుంది.

ఇక కనిపించని పోస్టులు. హ్యూగో సర్వర్‌కి పెద్ద 'డి' ఫ్లాగ్ ఇచ్చి నడుపుతుంటే డ్రాఫ్టులు కూడా కనిపిస్తాయి. లైవ్ బిల్డ్‌లో ఆ ఫ్లాగ్ ఉండదు, ఉండకూడదు కూడా. ఫ్రంట్ మ్యాటర్‌లో (పోస్టు ఫైలు తల దగ్గరి వివరాల్లో) డ్రాఫ్ట్ ట్రూ అని ఉన్నవన్నీ అక్కడ ఆగిపోతాయి. 'హ్యూగో లిస్ట్ డ్రాఫ్ట్స్' అని కొడితే ఆ జాబితా వస్తుంది. అందులో లేకపోతే 'హ్యూగో లిస్ట్ ఫ్యూచర్' కొట్టండి, తేదీ ఇంకా రాలేదని హ్యూగో ఆపేసిన పోస్టులు వస్తాయి. మనవాళ్లు ఎక్కువగా చిక్కుకునేది ఇక్కడే. తేదీ పక్కన టైమ్‌జోన్ రాయకపోతే హ్యూగో దాన్ని యూటీసీగా (మనకంటే అయిదున్నర గంటలు వెనక ఉండే ప్రామాణిక సమయంగా) తీసుకుంటుంది. ఉదయం 9:00 అని రాసిన పోస్టు మన గడియారం ప్రకారం మధ్యాహ్నం 2:30 దాకా భవిష్యత్తులోనే ఉంటుంది. ఉత్త తేదీ రాస్తే అది యూటీసీ అర్ధరాత్రి, అంటే మనకు తెల్లవారుజామున 5:30. రాత్రి 12 దాటాక ఆరోజు తేదీ వేసి ఎక్కించిన పోస్టు తెల్లారేదాకా కనిపించకపోవడానికి కారణం అదే. కాన్ఫిగ్‌లో టైమ్‌జోన్‌ని ఆసియా/కోల్‌కతా చేయండి, లేదా తేదీ చివర +05:30 తగిలించండి.

దానికి తోడు ఇంకొకటి. తేదీ వచ్చేసినంత మాత్రాన పోస్టు దానంతటదే పైకి రాదు. స్టాటిక్ సైట్ (పేజీలు ముందే తయారై ఉండేది) కాబట్టి ఎవరో ఒకరు మళ్లీ బిల్డ్ చేయాలి. ముందే రాసి పెట్టుకునే అలవాటుంటే గిట్‌హబ్ యాక్షన్స్‌లో (బిల్డ్‌ని గిట్‌హబ్ మెషీన్ల మీద నడిపే సదుపాయంలో) రోజువారీ షెడ్యూల్ పెట్టుకోండి. ఆ షెడ్యూల్ రాసే క్రాన్ లైనులో సమయాన్ని మామూలుగా యూటీసీలో రాస్తారు. మనకు ఉదయం 5:00కి నడవాలంటే ముందురోజు 23:30 అని రాయాలి. నిమిషం లెక్కన నడుస్తుందని మాత్రం ఆశించకండి, ఆలస్యం మామూలే. పబ్లిక్ రిపోలో 60 రోజులు ఏ కదలికా లేకపోతే ఆ షెడ్యూల్‌ని గిట్‌హబ్ ఆపేస్తుంది.

పబ్లిక్ ఫోల్డర్‌ని (హ్యూగో తయారుచేసిన పేజీలు పడే చోటు) చేత్తో ఎక్కించేవాళ్లకు ఒక హెచ్చరిక. హ్యూగో సర్వర్ కొత్త వెర్షన్లు ఫైళ్లను మెమరీలో కాకుండా డిస్క్ మీదే రాస్తాయి. అంటే మీ పబ్లిక్ ఫోల్డర్‌లో డ్రాఫ్టులు, లోకల్‌హోస్ట్ లింకులు, లైవ్‌రీలోడ్ స్క్రిప్టు అన్నీ కలిసిపోయి ఉండొచ్చు. బిల్డ్‌కి ముందు పాత ఫైళ్లను హ్యూగో తుడవదు కూడా. నిరుడు తీసేసిన పోస్టు ఇంకా లైవ్‌లో తిరుగుతుంటే కారణం ఇదే. సర్వర్ ఆపి, ఆ ఫోల్డర్ మొత్తం చెరిపేసి, ఉత్త 'హ్యూగో' కమాండ్‌తో మళ్లీ బిల్డ్ చేసి అప్పుడు ఎక్కించండి. నన్నడిగితే పబ్లిక్‌ని కమిట్ చేయడమే (గిట్‌లో చేర్చడమే) వద్దు, గిట్‌ఇగ్నోర్‌లో వేసి బిల్డ్ పనిని యాక్షన్స్‌కి వదిలేయండి. విండోస్‌లో బిల్డ్ చేసి కమిట్ చేస్తే గిట్ లైన్ ఎండింగ్స్ (లైను చివరి కనపడని గుర్తులు) మార్చేయొచ్చు. థీమ్ సీఎస్ఎస్‌కి ఇంటెగ్రిటీ హ్యాష్ (ఫైలు మారలేదని చూసే వేలిముద్ర లాంటిది) పెట్టి ఉంటే ఆ హ్యాష్ ఇక కలవదు, బ్రౌజర్ సీఎస్ఎస్‌ని గుమ్మంలోనే ఆపేస్తుంది. బేస్‌యూఆర్ఎల్ అంతా సరిగ్గా ఉండీ స్టైల్ రాకపోతే బ్రౌజర్ కన్సోల్‌లో ఇంటెగ్రిటీ అనే మాట కోసం చూడండి.

యాక్షన్స్‌కి మారేటప్పుడు సెట్టింగ్స్, పేజెస్, సోర్స్ దగ్గర గిట్‌హబ్ యాక్షన్స్ ఎంచుకోవాలి. థీమ్ గిట్ సబ్‌మాడ్యూల్ (మీ రిపోలో తగిలించిన వేరే రిపో) అయితే, ఫైళ్లు తెచ్చుకునే చెకౌట్ స్టెప్‌లో సబ్‌మాడ్యూల్స్ రికర్సివ్ అని ఉండాలి. లేకపోతే థీమ్ ఫోల్డర్ ఖాళీగా వస్తుంది, లేఅవుట్ ఫైలు దొరకలేదన్న వార్నింగులతోనే బిల్డ్ 'సక్సెస్' అవుతుంది, సైట్ తెల్లకాగితంలా తెరుచుకుంటుంది. పచ్చ టిక్కు చూసి నమ్మకండి, లాగ్ చదవండి. వర్క్‌ఫ్లోలో (యాక్షన్స్ నడిపే పనుల ఫైలులో) హ్యూగో వెర్షన్ నంబర్ మీ ల్యాప్‌టాప్‌లో 'హ్యూగో వెర్షన్' చూపే నంబరే కావాలి. థీమ్ శాస్ (సీఎస్ఎస్‌గా మారే మరో భాష) వాడితే ఎక్స్‌టెండెడ్ బిల్డ్ తీసుకోండి.

ఎక్కించే ముందు రెండో ప్రివ్యూ ఒకటి చేయండి, అయిదు నిమిషాల పని. రిపోని వేరే ఫోల్డర్‌లోకి కొత్తగా క్లోన్ చేయండి, సబ్‌మాడ్యూల్స్‌తో సహా. కమిట్ చేయడం మరిచిన ఫైళ్లు అక్కడే తేలిపోతాయి. అందులో హ్యూగో బిల్డ్ చేస్తూ, చిన్న 'డి' ఫ్లాగ్‌తో అవుట్‌పుట్‌ని టెస్ట్/బ్లాగ్ అనే ఫోల్డర్‌కి పంపండి, చిన్న 'బి' ఫ్లాగ్‌తో బేస్‌యూఆర్ఎల్‌ని హెచ్‌టీటీపీ://లోకల్‌హోస్ట్:8000/బ్లాగ్/ అని ఇవ్వండి. తర్వాత టెస్ట్ ఫోల్డర్‌లోకి వెళ్లి పైథాన్‌లో ఉన్న హెచ్‌టీటీపీ.సర్వర్ మాడ్యూల్‌ని నడపండి, అది 8000 పోర్టులో లేస్తుంది. నాలుగు పేజీలు తిరగండి. దొరకని ప్రతి ఫైలుకీ టెర్మినల్‌లో 404 లైను పడుతుంది, ఏ దారి తప్పో పేరుతో సహా.

తెలుగు లాంటి భాషల సైట్లకు వచ్చే చిక్కు ఒకటుంది. పోస్టు శీర్షికనే ఫైలు పేరుగా పెడతారు. కంప్యూటర్ అక్షరాలు దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్‌పాయింట్ ఒక్కొక్కటి, అంటే అక్షరం, గుడి, పొల్లు లాంటి ఒక్కో ముక్క, 3 బైట్లు. లినక్స్‌లో ఫైలు పేరుకు హద్దు 255 బైట్లు, అంటే దాదాపు 85 కోడ్‌పాయింట్లు. 'స్త్రీ' అనే ఒక్క మాటకే 6 ఖర్చవుతాయి. విండోస్ లెక్క బైట్లలో కాదు కాబట్టి అక్కడ నడిచిన పొడుగు పేరు యాక్షన్స్‌లో చెకౌట్ దగ్గరే బోల్తా కొడుతుంది. పైగా లింకు కాపీ చేస్తే ఒక్కో కోడ్‌పాయింట్ శాతం గుర్తులతో కలిపి 9 అక్షరాలుగా విడిపోయి వాట్సాప్‌లో కొండవీటి చాంతాడంత అవుతుంది. ఫైలు పేరు చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టి, శీర్షికను ఫ్రంట్ మ్యాటర్‌లో తెలుగులో రాసుకోండి.

ఫాంటు విషయంలోనూ ల్యాప్‌టాప్ మోసం చేస్తుంది. మండలి, రామభద్ర లాంటివి మీ సిస్టమ్‌లో ఇన్‌స్టాల్ అయి ఉంటే వెబ్‌ఫాంట్ ఫైలు లోడ్ కాకపోయినా మీకు తెలియదు. ఫోన్‌లో చూడాలి. హ్యూగో సర్వర్‌కి బైండ్ 0.0.0.0 అని, బేస్‌యూఆర్ఎల్‌గా మీ ల్యాప్‌టాప్ వైఫై ఐపీ (సాధారణంగా 192.168తో మొదలయ్యేది) ఇచ్చి, అదే వైఫైలో ఉన్న ఫోన్‌లో ఆ ఐపీని 1313 పోర్టుతో తెరవండి. తెరుచుకోకపోతే ముందు ఫైర్‌వాల్ చూడండి. వత్తులు కింది లైనును తాకుతుంటే లైన్‌హైట్ 1.7 దగ్గర పెట్టి చూడండి.

మార్పు పుష్ చేశాక లైవ్‌లో పాతదే కనిపిస్తే పది నిమిషాలు ఆగండి. గిట్‌హబ్ పేజెస్ తన ఫైళ్లను 600 సెకన్లు క్యాష్‌లో ఉంచుకోమని బ్రౌజర్‌కి చెబుతుంది. ఆ తర్వాత కూడా పాతదే అయితే యాక్షన్స్ ట్యాబ్‌లో డిప్లాయ్ జాబ్ నిజంగా నడిచిందో లేదో చూసి, ఆ లాగ్ ఇక్కడ పెట్టండి.