రిక్ పెర్రీ గవర్నరుగా టెక్సాస్‌కు నిజంగా ఏమి చేశారు?

మన దగ్గర గవర్నరు అంటే రాజ్‌భవన్‌లో ఉండే పెద్దమనిషి. అమెరికాలో ఆయన ప్రజలు ఎన్నుకున్న పాలకుడు, మన ముఖ్యమంత్రి వంటివాడు. ఈ సంగతి ముందే చెప్పకపోతే మా నాన్నగారిలాగే మీరూ "గవర్నరుకు కరెంటుతో ఏమి పని?" అంటారు.

పెర్రీ 2000 డిసెంబరు నుంచి 2015 జనవరి వరకు గవర్నరు. నేను 2008లో డల్లాస్ శివారుకు వచ్చాను. ఇల్లు అద్దెకు తీసుకోగానే ఎదురైన ప్రశ్న: కరెంటు ఏ కంపెనీ దగ్గర కొంటావు? పదుల కంపెనీలు, తలా ఒక రేటు. ఒప్పందం గడువు ముగిసిన సంగతి గమనించక ఒక నెల దాదాపు రెట్టింపు బిల్లు కట్టాను. అయితే ఈ పోటీ విపణికి చట్టం చేసింది 1999లో, పెర్రీకి ముందు గవర్నరుగా ఉన్న జార్జ్ బుష్ హయాంలో. 2002లో అది అమలైనప్పుడు కుర్చీలో ఉన్నది పెర్రీ. రాష్ట్ర ఆదాయపు పన్ను లేకపోవడమూ ఆయన ఘనత కాదు, ముందునుంచీ ఉన్నదే. ఆ లోటు ఇంటి పన్నులో పిండుకుంటారు లెండి.

పరిశ్రమలను రప్పించడానికి 2003లో పెట్టిన ఎంటర్‌ప్రైజ్ ఫండ్ మాత్రం ఆయనదే. టొయోటా కాలిఫోర్నియా నుంచి డల్లాస్ పక్కనున్న ప్లేనోకు రావడానికి అందులోంచి 4 కోట్ల డాలర్లు ఇచ్చారు. ఉద్యోగాలు వచ్చాయి. మా వైపు ఇళ్ల ధరలూ ఎగిరాయి.

నా లెక్కలో ఆయన చేసిన అసలు పని తీగలు వేయించడం. గాలి వీచేది పశ్చిమ టెక్సాస్‌లో, కరెంటు కావలసింది వందల మైళ్ల దూరంలోని నగరాలకు. లైను లేనిదే గాలిమరలు కట్టరు, గాలిమరలు లేనిదే లైను వేయరు. పెళ్లయితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు అన్నట్టు. 2005లో పెర్రీ సంతకం చేసిన చట్టం ఈ ముడి విప్పింది: ముందు లైన్లు, ఖర్చు వినియోగదారులందరి మీద. సుమారు 3,600 మైళ్లు, 700 కోట్ల డాలర్ల దాకా ఖర్చు, 2014 నాటికి పూర్తి. పశ్చిమాన స్వీట్‌వాటర్ ఊరి దగ్గర ఐ-20 రహదారి మీద వెళ్తుంటే కనుచూపు మేరంతా గాలిమరలే. అలాగని పర్యావరణవాది అనుకోకండి. అదే 2005లో బొగ్గు కేంద్రాల అనుమతులు త్వరగా తేల్చమని ఉత్తర్వు ఇచ్చారు, దాన్ని 2007లో కోర్టు ఆపింది. పత్తి రైతు బిడ్డ, మాజీ వ్యవసాయ కమిషనరు. గాలిమరలో ఆయనకు కనిపించింది రైతుకు వచ్చే అద్దె అని నా అనుమానం.

ఆయన హయాంలో తప్పిందీ కరెంటు దగ్గరే. 2011 ఫిబ్రవరి చలికి విద్యుత్ కేంద్రాలు ఆగిపోయాయి. చలిని తట్టుకునే ఏర్పాట్లు చేయాలని కేంద్ర సంస్థలు నివేదిక ఇచ్చినా, రాష్ట్రం వాటిని గట్టిగా తప్పనిసరి చేయలేదు. అదే ఏడాది అధ్యక్ష అభ్యర్థుల చర్చలో, తాను రద్దు చేస్తానన్న మూడు కేంద్ర ప్రభుత్వ శాఖల్లో మూడోదాని పేరు మరచిపోయారు. అది ఇంధన శాఖ. 2017లో ఆ శాఖకే మంత్రి అయ్యారు!

2021 ఫిబ్రవరి నాటికి గవర్నరు వేరొకరు. మళ్లీ చలి దెబ్బకు 45 లక్షలకు పైగా ఇళ్లకు, దుకాణాలకు కరెంటు పోయింది. మేము రెండు రాత్రులు ఒకే గదిలో, పిల్లలకు నాలుగేసి స్వెట్టర్లు తొడిగి గడిపాం. ఆ వారంలోనే పెర్రీ, కేంద్రం జోక్యాన్ని దూరంగా ఉంచడానికి టెక్సాస్ ప్రజలు మూడు రోజులకన్నా ఎక్కువైనా కరెంటు లేకుండా ఉంటారు అన్నారు. మా ఆవిడ అది చదివి ఫోను పక్కన పెట్టి, "మూడు రోజులా? మన పిల్లలు మూడు గంటలకే ఏడ్చారు" అంది.