సూది పరీక్షలో ‘లింఫోమా అనుమానం’ అని వస్తే మళ్లీ ముక్క పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా నాన్నగారికి 58 ఏళ్లు. మూడు నెలలుగా మెడకు ఎడమవైపు నొప్పి లేని బిళ్ల ఉంది. ఎఫ్ఎన్ఏసీ (సన్నని సూదితో కణాలు లాగి చేసే పరీక్ష) చేయిస్తే ‘లింఫోమా అనుమానం, బయాప్సీ (ముక్క పరీక్ష) అవసరం’ అని రాశారు. ఒకసారి సూది గుచ్చాక మళ్లీ కోత ఎందుకు? కదిలిస్తే జబ్బు పాకుతుందని బంధువులు అంటున్నారు. – ఒక పాఠకురాలు

జవాబు: ముందు ఆ భయం వదిలేయండమ్మా. సూది గుచ్చినందువల్ల గానీ, బిళ్లను తీసినందువల్ల గానీ లింఫోమా (లింఫు కణాల క్యాన్సర్) పాకదు. ఆ రిపోర్టు రాసిన పాథాలజిస్టు (కణాలను, ముక్కలను పరీక్షించే డాక్టరు) కూడా తనకు కనిపించినంత వరకే చెప్పి, సరైన చోట ఆగారు.

సన్నని సూదితో లాగినప్పుడు వచ్చేవి విడివిడి కణాలే. వాటిని గాజు పలకపై పలుచగా పరిచి, రంగు వేసి చూస్తారు. రైస్ మిల్లులో బస్తాకు గొట్టం గుచ్చి తీసిన గుప్పెడు ధాన్యాన్ని బట్టి గింజ రకం చెప్పగలరు గానీ, చేలో ఏ దుబ్బు పక్కన ఏ దుబ్బు ఉండేదో చెప్పలేరు. లింఫోమా రకాన్ని తేల్చడానికి చాలాసార్లు బిళ్లలో కణాల అమరికే కావాలి. అరుదైన రకాల్లో ఈ చిక్కు మరీ ఎక్కువ. హాడ్జ్‌కిన్ లింఫోమాలో గుడ్లగూబ కళ్లలాంటి జంట కేంద్రకాలున్న పెద్ద కణాలు, లెక్కలేనన్ని మామూలు కణాల మధ్య అక్కడక్కడా మాత్రమే ఉంటాయి. సూదికి అవి చిక్కకపోతే స్లైడు మామూలు వాపులాగే కనిపిస్తుంది. క్షయలో ఏర్పడే గ్రాన్యులోమాలు (కణాల చిన్న గుంపులు) లింఫోమా బిళ్లలోనూ ఉండవచ్చు. అవి కనిపించాయని, క్షయ క్రిమి ఉన్నట్టు ఆధారం లేకుండానే టీబీ మందులు వాడుతూ నెలలు పోగొట్టుకున్నవారిని చూస్తే నాకు చాలా బాధ కలుగుతుంది.

కాబట్టి వీలైతే బిళ్లను పూర్తిగా తీయించండి. సర్జన్‌ను, పాథాలజిస్టును ముందే మాట్లాడుకోమని కోరండి, ఎందుకంటే మొత్తం ఫార్మలిన్‌లో (ముక్క పాడవకుండా ఉంచే ద్రవంలో) వేసేస్తే ఫ్లో సైటోమెట్రీకి (కణాలను ఒక్కొక్కటిగా చూసే యంత్ర పరీక్షకు) బతికున్న కణాలు మిగలవు. అందుకోసం చిన్న ముక్కను తాజాగా, విడిగా పంపాలి. ఫార్మలిన్‌లో ఉంచిన భాగంపై సీడీ20, సీడీ3, సీడీ30 వంటి, కణాలపై ఉండే ప్రొటీన్ గుర్తులను పరీక్షించి రకాన్ని నిర్ధారిస్తారు. చికిత్స ఆ రకాన్ని బట్టే ఉంటుంది. రెండో అభిప్రాయం అవసరమైతే పనికొస్తాయి కనుక బ్లాకులు (మైనంలో భద్రపరిచిన ముక్కలు), స్లైడ్లు ఎక్కడున్నాయో కనుక్కుని ఉంచుకోండి.

ఈలోగా వాపు తగ్గడానికని స్టెరాయిడ్లు వాడనివ్వకండి. అవి లింఫోమా కణాలను తాత్కాలికంగా కరిగించి, ముక్క పరీక్షను కూడా తప్పుదోవ పట్టించగలవు. జ్వరం, రాత్రిళ్లు ఒళ్లు తడిసేంత చెమట, బరువు తగ్గడం వంటివి ఉంటే డాక్టరుకు చెప్పండి. ఊపిరి అందకపోయినా, ముఖం ఉబ్బినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా కాకినాడ ప్రభుత్వ ఆసుపత్రికో, మీకు దగ్గరలో ఉన్న పెద్దాసుపత్రికో వెంటనే తీసుకెళ్లండి.