గెట్టు కాడికి పోయేముందు

బిడ్డా,

నిన్ను పెద్దమనుషుల్ల కూసోబెట్టిండ్రని తెలిసింది. మొదటి పంచాతే రెండు పొలాల నడుమ గెట్టు మీదనట. "అడుగు జాగకు ఇంత లొల్లేంది" అని నీ నోట్లెకెల్లి వచ్చేముందు ఒక లెక్క చెయ్యి.

గెట్టు పొడుగు 200 అడుగులనుకో. అడుగు జరిగితే పోయేది 200 చదరపు అడుగులు. గుంటంటే 33 అడుగులకు 33, అంటే 1,089. గుంటల అయిదో వంతు గూడ కాదు. ఎకరానికి 25 క్వింటాళ్లు పండే భూమైనా పంటకు పదకొండు, పన్నెండు కిలోల వడ్లు. పదెకరాలోనికి అది కోతల రాలిపోయే గింజ. ఇరువై గుంటలోనికి ఉన్నదాంట్ల వందకొక వంతు. అయినా వాడు కొట్లాడేది వడ్ల కోసం కాదు, ఈసారి ఊకుంటే వచ్చే దుక్కికి ట్రాక్టర్ ఇంకింత లోపటికొస్తదని. అందుకే "ఎంత పోయింది" అని ఆపకు, "ఇది ఎన్నోసారి" అని అడుగు. మొదటిసారి కాదని తేలిందంటే పంచాతి బరువే మారుతది.

పొలం కాడికి ఇద్దర్నీ వేరువేరుగ తోల్కపో. హద్దురాయి ఏదో ఎవరికి వాళ్లే చూపియ్యాలె. రెండు కొసలు, నడుమ, మూడు చోట్ల కొలువు. రాయి ఉన్న కొసను ఎవ్వడు ముట్టడు, చెక్కేది నడుమనే. రాయే లేకుంటే నీ తీర్పు పక్కకు పెట్టి మీసేవల సర్వేకు దరఖాస్తు పెట్టుమను. టిప్పన్, అంటే సర్వేోళ్ల కొలతల పటం, చెప్పిందే హద్దు, ముసలోళ్ల యాది కాదు.

నీళ్ల పంచాతి ఇంకింత కష్టం. చెరువు కింద తూము దగ్గరోడు రాత్రి మడికి మలుపుకుంటే "ఒక్క రాత్రే గదా" అంటడు. కింది మడులోడు దొంగతనమంటడు. ఇద్దరూ అబద్ధమాడుతలేరు. ముందు వరి ఏ దశల ఉందో చూడు. పిలకలప్పుడు ఒకరోజు తప్పితే పైరు తట్టుకుంటది. పొట్టకొచ్చినప్పుడో పూతప్పుడో మడి ఎండితే తాలు పడ్తది, తర్వాత ఎన్ని నీళ్లిచ్చినా గింజ నిండదు. తూము ఎప్పుడు లేపిండు, ఎప్పుడు దించిండు అన్నది చెరువు నీళ్లు పంచే నీరటినడుగు. ఇంకోటి, నీకు బోరుంది. చెరువు నీళ్ల గోస నీకు చిన్నగ కనపడ్తదని యాది పెట్టుకో. బోరు లేని మనిషినొకర్ని పక్కన కూసోబెట్టుకో.

మనోడు చేస్తే పొరపాటు, అవతలోడు చేస్తే బద్మాష్ పని. ఇది అందరికుండే రోగమే. నోట్‌బుక్కుల పేర్లు, కులాలు, చుట్టరికం రాయకుంట "ఒకలు", "ఇంకొకలు" అని జరిగింది రాయి. తెల్లారి పొద్దుగాల సదువు. తర్వాత పేర్లు తారుమారు పెట్టి సదువు. తీర్పు మారిందంటే తప్పు నీ దగ్గరున్నట్టు.

దండుగ మాటెత్తకు. దండుగెయ్యనీకి చట్టం మనకు అధికారమియ్యలె. పైగా కూలి రోజుకు 500 అనుకుంటే, 5,000 ఒకనికి పది రోజుల కష్టం, ఇంకొకనికి జేబు ఖర్చు. ఇద్దరికీ ఒకే శిక్షని నువ్వనుకుంటవు, కాదది.

అట్లని అన్నీ చూసే కండ్లను బట్టే ఉంటయనుకోకు. ఆడపిల్లను కొట్టుడు, 18 నిండకుంట పెండ్లి చేసుడు, కులం పేరుతోని తిట్టుడు, వీటికి రెండు పక్కల మాట ఇనే కచ్చేరి పెట్టకు. 1989 ఎస్సీ, ఎస్టీ అట్రాసిటీ చట్టం కింది కేసును ఊర్ల రాజీ చేస్తమంటే లేచి బయటికి రా. పిల్లల సంగతైతే 1098, ఆడోళ్లదైతే 181, కొట్లాటైతే 112.

కల్లు దుకాణం కాడ ఇన్న మాట నోట్‌బుక్కుల ఎక్కియ్యకు.

ఎల్లుండి కొలతకు గుడ్డ టేపు పట్కపోకు, సాగుతది. 30 మీటర్ల స్టీలుది తీస్కపో, ఇద్దరి మనుషులు చెరో కొస పట్టుకోవాలె.

నీ పెద్దబాపు