ఎంట్రీ ఫీజు కట్టేముందు టేబుల్ చూడు

పద్మారావునగర్,
హైదరాబాద్.

అమ్మడూ,

మాదాపూర్‌లో జరిగే నైన్ బాల్ పూల్ టోర్నమెంట్‌కి నువ్వు పేరు ఇస్తున్నావని నిన్న అక్క చెప్పింది. చాలా సంతోషమేసింది. ఫోన్‌లో అన్నీ గుర్తురావు, అందుకే కూర్చుని రాస్తున్నాను. మొదటి బహుమతి లక్ష రూపాయలని ఇంట్లో అందరికీ చెప్పావట. పోస్టర్‌లో అన్నిటికంటే పెద్దగా వేసేది ఆ అంకెనే కదా. నేను అడిగేది మాత్రం వేరు. ఆ టేబుల్ మీద ఒక్క గంటైనా ఆడి చూశావా?

నువ్వు రోజూ ఆడేది ఎనిమిది అడుగుల టేబుల్. దాని మీద ఆడే చోటు 92 అంగుళాల పొడవు, 46 వెడల్పు. తొమ్మిది అడుగుల టేబుల్ మీద అది 100కి 50. పొడవులో తేడా జానెడు కూడా ఉండదు. కానీ ఆ మూల నుంచి ఈ మూలకు బాల్ కొట్టాల్సి వచ్చినప్పుడు ఆ జానెడే ప్రాణం తీస్తుంది. కనీసం వారం రోజులు పెద్ద టేబుల్ మీదే ఆడు.

తర్వాత పాకెట్లు. ప్రపంచ పూల్ సమాఖ్య నియమాల ప్రకారం మూల పాకెట్ నోరు నాలుగున్నర అంగుళాలకు తగ్గకూడదు. ఈ మధ్య పెద్ద ప్రొఫెషనల్ టోర్నమెంట్లు కొన్ని దాన్ని 4 అంగుళాలకు బిగించేశాయి. కొలవడానికి టేప్ కూడా అక్కర్లేదు. బాల్ అడ్డకొలత రెండుంపావు అంగుళాలు. రెండు బాల్స్ పక్కపక్కన ఆనించి పట్టుకుని, మూలలో రెండు కుషన్ల (టేబుల్ అంచు మెత్తల) కొనల మధ్య పెట్టి చూడు. సరిగ్గా పట్టాయంటే నాలుగున్నర. పట్టకపోతే పాకెట్ బిగువుగా ఉందని అర్థం. అలాంటి టేబుల్ మీద కుషన్ వెంబడి వెళ్లే బాల్‌ని గట్టిగా కొడితే పాకెట్ నోట్లో అటూ ఇటూ కొట్టుకుని బయటికొచ్చేస్తుంది. నువ్వేమో అన్నీ గట్టిగానే కొడతావు!

టేబుల్ మట్టంగా ఉందో లేదో కూడా చూడు. ఒక బాల్‌ని చేత్తో మెల్లగా, అవతలి కుషన్ దాకా అతి కష్టం మీద చేరేంత మెల్లగా దొర్లించు. ఆగిపోయే ముందు చివరి అడుగులో ఏ పక్కకు ఒరుగుతుందో కన్నార్పకుండా చూడు. అటు నుంచి ఇటు కూడా చెయ్యి. ఒరిగితే బాగుచేయడం నీ చేతిలో లేదు, కానీ ఏ పక్కకు ఒరుగుతుందో తెలిసినవాళ్లు అక్కడ మెత్తని షాట్ ఆడరు.

అన్నిటికంటే ముఖ్యం టేబుల్ మీది క్లాత్. అది ఉన్నితో నేసిన గుడ్డ, గాల్లో చెమ్మ ఉంటే పీల్చుకుంటుంది, బాల్ నెమ్మదిస్తుంది. మన ఊళ్లో వానాకాలంలో పొద్దుటి టేబుల్, సాయంత్రం టేబుల్ ఒకటి కాదు. ఒక ఆగస్టులో సికింద్రాబాద్ వైపు ఒక పార్లర్‌లో పొద్దున మ్యాచ్ ఆడాను. బయట వాన, షట్టర్ తీసే ఉంది. క్లాత్ మీద అరచెయ్యి పెడితే చల్లగా, కాస్త జిగటగా తగిలింది. దెబ్బకు బలం పెంచి గెలిచాను. సాయంత్రానికి తలుపులు మూసి, ఏసీ నాలుగైదు గంటలు నడిచింది. నేను పొద్దుటి బలంతోనే కొట్టాను. 6-6 మీద, ఆఖరి రాక్‌లో, అంటే ఆఖరి ఆటలో, 8 పడింది, ఇక 9 వేస్తే గెలుపే. కర్రతో కొట్టే తెల్ల బాల్ మాత్రం ఆగాల్సిన చోట ఆగలేదు. 9ని దాటి, కుషన్‌కి తగిలి, మెల్లగా వెళ్లి పక్క పాకెట్‌లో పడింది. తెల్ల బాల్ పడితే ఫౌల్. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది. అప్పటి నుంచి ప్రతి మ్యాచ్‌కి ముందు ఐదారు సార్లు లాగ్ కొట్టి, అంటే బాల్‌ని అవతలి కుషన్‌కి కొట్టి వెనక్కి రప్పించి, చూసుకునేవాణ్ణి. బ్రేక్, అంటే ఆట మొదలుపెట్టే దెబ్బ, ఎవరిదో తేల్చడానికే లాగ్ అనుకుంటారు, నిజానికి ఆ పూట టేబుల్ ఎంత వేగంగా ఉందో అదే చెబుతుంది. బాల్స్‌కి కర్ర కొనకు రుద్దే చాక్ పొడి అంటి ఉంటే తుడవమని అడుగు, మొహమాటపడకు.

ఇక ఫార్మాట్. ‘డబుల్ ఎలిమినేషన్ కాబట్టి ఒకసారి ఓడినా ఫర్వాలేదు’ అన్నావట. రెండుసార్లు ఓడితేనే బయటికి, అది నిజమే. కానీ 64 మంది ఉన్న డ్రాలో మొదటి రౌండ్ ఓడితే, ఓడినవాళ్ల వైపు నుంచి వరసగా పది మ్యాచ్‌లు గెలిస్తేగానీ ఫైనల్‌కి రావు. ఓడకుండా వెళ్లేవాళ్లకు ఆరు చాలు. పైగా ఆ పదీ రాత్రి పొద్దుపోయేదాకా, అలసిన చేత్తో ఆడాలి. మొదటి మ్యాచ్‌నే ఫైనల్ అనుకుని వెళ్లు.

రేస్ ఎంతో, అంటే ముందుగా ఎన్ని రాక్‌లు గెలిస్తే మ్యాచ్ దక్కుతుందో చూడు. ఒక్కో రాక్ గెలిచే అవకాశం నీకు నూటికి 55 ఉందనుకో. రేస్ టు 3 పెడితే మ్యాచ్ నీదయ్యే అవకాశం సుమారు 59, రేస్ టు 9 పెడితే 66. రేస్ పెద్దదయ్యేకొద్దీ బాగా ఆడేవాళ్లకే మేలు. అయినా టెన్షన్ ఎక్కడికీ పోదు. 2024లో సౌదీలోని జెడ్డాలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ ఫైనల్లో రేస్ టు 15 ఆడి కూడా ఫెదోర్ గోర్స్ట్ 15-14తో ఎక్లెంట్ కాచి మీద బయటపడ్డాడు. గెలిచినవాళ్లే మళ్లీ బ్రేక్ చేస్తారా, చెరొకసారా అన్నది కూడా ముందే కనుక్కో. గెలిచినవాళ్లదే బ్రేక్ అయితే, నువ్వు కుర్చీలో కూర్చుని ఉండగానే నాలుగు రాక్‌లు పోవచ్చు. ఆ కుర్చీలో ఫోన్ తీయకు.

డబ్బు సంగతి. జెడ్డాలో ఆ ఏడాది మొత్తం బహుమతులు 10 లక్షల డాలర్లు, విజేతకు 2.5 లక్షలు, అంటే పావు వంతు. నీ టోర్నమెంట్ లెక్క చెయ్యి. 64 మంది, మనిషికి 1500 చొప్పున కడితే వచ్చేది 96 వేలు. మొదటి బహుమతే లక్ష అంటే మిగతాది స్పాన్సర్ వెయ్యాలి. ఆ స్పాన్సర్ ఎవరు? ఎంతమంది వచ్చినా లక్ష ఇస్తారా, లేక నిండితేనేనా? ఈ మాట వాట్సాప్‌లో రాతపూర్వకంగా అడుగు. నేను ఆడిన ఒక టోర్నమెంట్‌లో 64 మంది అని చెప్పి 31 మందే వచ్చారు. సెమీఫైనల్ అయ్యాక బహుమతులు సగం చేశామన్నారు. ఏమీ అనలేక ఆడి వచ్చేశాను. నా కోపం డబ్బు తగ్గినందుకు కాదు, ముందే చెప్పనందుకు. టోర్నమెంట్ అయ్యాక ‘వందకో వెయ్యికో ఒక రాక్’ అని పిలిచేవాళ్లు ఉంటారు. క్యూ కర్ర విప్పి సంచిలో పెట్టుకుని ఇంటికి వచ్చెయ్.

శనివారం ఆ పార్లర్‌లో రెండు గంటలు టేబుల్ బుక్ చెయ్యి, నేనూ వస్తాను. ఏసీ వెయ్యకముందే, పదకొండుకల్లా వెళితే ఇంకా మంచిది. వాన పడుతుంటే మానుకోకు, ఆ రోజే చూడాలి.

మీ మావయ్య