యూరప్‌లో ఒక్క ఫుట్‌బాల్ స్టేడియమే చూడాలంటే డోర్ట్‌మండ్ వెళ్లండి

"యూరప్ ట్రిప్‌లో ఒక్క స్టేడియం చూసే టైమ్ మాత్రమే ఉంది. బార్సిలోనా, మాడ్రిడ్, మిలాన్, ఏది బెటర్?" అని అడిగారు. నా సమాధానం జర్మనీలోని డోర్ట్‌మండ్. మీ లిస్టులో లేదు, అయినా అదే. అదీ మ్యాచ్ ఉన్న రోజు, సౌత్ స్టాండ్‌లో నిలబడి చూడాలి.

మనవాళ్లు చాలామంది టికెట్ కొని స్టేడియం టూర్‌కి వెళ్తారు. కప్పుల ముందు, డ్రెస్సింగ్ రూమ్‌లో జెర్సీల ముందు ఫోటోలు దిగి వచ్చేస్తారు. ఖాళీ స్టేడియంలో చూడ్డానికి ఏముంటుంది? కాంక్రీటు, కుర్చీలు, గడ్డి. జనం లేని స్టేడియం చూడ్డానికి అంత దూరం వెళ్లి డబ్బు తగలేయడం నాకు అస్సలు నచ్చదు.

డోర్ట్‌మండ్ స్టేడియంలో జర్మన్ లీగ్ మ్యాచ్‌లకు 81,365 మంది పడతారు. అందులో దాదాపు 25,000 మంది ఒక్క సౌత్ స్టాండ్‌లోనే ఉంటారు, అందరూ నిలబడే. మన వైపు ఓ చిన్న మండల కేంద్రంలోని జనమంతా ఒకే మెట్ల మీదికి ఎక్కినట్టు ఉంటుంది. ప్రపంచమంతా దాన్ని యెల్లో వాల్ అంటుంది. 1974 ప్రపంచ కప్ కోసం కట్టిన స్టేడియం ఇది. స్పాన్సర్ కంపెనీ పేరు తగిలించి చాలా ఏళ్లయినా, పాత అభిమానులకు ఇది ఇప్పటికీ వెస్ట్‌ఫాలెన్ స్టేడియమే. నేనూ అలాగే అంటాను. తరాల తరబడి జనం పిలుచుకున్న పేరును డబ్బుకి అమ్మడం నాకు ఇష్టం లేదు.

2023 మే 27న నేను ఆ స్టాండ్‌లో ఉన్నాను. సీజన్‌లో ఆఖరి మ్యాచ్. బయర్న్ మ్యూనిక్ కంటే డోర్ట్‌మండ్ 2 పాయింట్లు ముందుంది. ఆ రోజు ఆడుతున్న మైంజ్ జట్టు మీద గెలిస్తే చాలు, 2012 తర్వాత మళ్లీ ఛాంపియన్లు. మా ఆఫీసులో ఒక పెద్దాయనకు అప్పుడే మోకాలి ఆపరేషన్ అయింది, నిలబడలేడు. తన సీజన్ కార్డు, అంటే సీజన్ మొత్తానికి కొనే టికెట్, నా చేతిలో పెట్టి, "ఫోన్ బయటికి తీయొద్దు, గొంతు దాచుకోవద్దు" అన్నాడు. అంతకుమించి ఏమీ చెప్పలేదు.

స్టాండ్‌లోకి వెళ్లేసరికి చెయ్యి ఎత్తితే మళ్లీ దించడానికి చోటు లేదు. అనౌన్సర్ ఆటగాడి మొదటి పేరు చెప్తాడు, ఇంటిపేరు జనం అరుస్తారు. ఆ అరుపు చెవికంటే ముందు కాళ్ల కింద మెట్టుకి తెలుస్తుంది. మ్యాచ్ మొదలయ్యాక పావుగంటకే మైంజ్ గోల్ కొట్టింది. వెంటనే డోర్ట్‌మండ్‌కి పెనాల్టీ దొరికింది. కొట్టడానికి మా ఆటగాడు సెబాస్టియన్ హాలెర్ ముందుకొచ్చాడు. కేన్సర్ చికిత్స చేయించుకుని ఆ సీజన్ మధ్యలోనే మళ్లీ ఆటలోకి వచ్చినవాడు. కొట్టాడు, గోల్‌కీపర్ ఆపేశాడు. కాసేపటికే మైంజ్ ఇంకో గోల్. 0-2.

సెకండాఫ్‌లో మా గెరెయిరో ఒక గోల్ తిరిగిచ్చాడు. తర్వాత 81వ నిమిషంలో, మైదానంలో ఏమీ జరగకుండానే, స్టాండ్ మొత్తం ఒక్కసారిగా పేలింది. నాకేమీ అర్థం కాలేదు. ముందున్న అమ్మాయి వెనక్కి తిరిగి నా భుజాలు పట్టుకుని ఊపేస్తూ "కొలోన్! కొలోన్!" అంది. వంద కిలోమీటర్ల లోపు దూరంలో కొలోన్ జట్టు బయర్న్ మీద స్కోరు సమం చేసింది. అంటే మేం ఇక్కడ ఓడిపోతున్నా ఛాంపియన్లమే! దాదాపు ఎనిమిది నిమిషాలు అలా గడిచాయి. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరినొకరు కౌగిలించుకున్నారు. 89వ నిమిషంలో బయర్న్ తరఫున ముసియాలా గోల్ కొట్టాడు. ఆ వార్త స్టాండ్‌లో కింది నుంచి పైకి పాకడం నా కళ్లతో చూశాను, వరస వెనక వరస నోరు మూసుకుంది. అదనపు సమయం చివర్లో మా జూలె గోల్‌తో 2-2 అయింది కానీ, అప్పటికి చేయగలిగింది లేదు. డోర్ట్‌మండ్‌కీ బయర్న్‌కీ 71 పాయింట్లే. గోల్ డిఫరెన్స్ (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే మిగిలేది) మీద టైటిల్ మ్యూనిక్‌కి వెళ్లింది, వరసగా 11వ సారి.

నేను చెప్పాలనుకున్నది ఆ తర్వాత జరిగింది. ఎవరూ గేటు వైపు పరిగెత్తలేదు. కోచ్ ఎడిన్ తెర్జిచ్ స్టాండ్ ముందుకు వచ్చి నిలబడ్డాడు, కళ్లనిండా నీళ్లు. కోచ్ కాకముందు ఆయనా ఇదే స్టాండ్‌లో నిలబడి మ్యాచ్‌లు చూసిన అభిమాని. జనం ఆయన పేరు పట్టుకుని అరుస్తూనే ఉన్నారు. మన దగ్గర క్రికెట్ జట్టు ఓడితే ఆటగాళ్లను ఎన్నెన్ని మాటలంటారో మీకు తెలుసు. అందుకే అది చూసి నాకు ఏడుపొచ్చింది.

ఇదంతా టికెట్ చవకగా ఉండటం వల్లే సాధ్యమని నా గట్టి నమ్మకం. నిలబడే చోటుకి సీజన్ కార్డు తీసుకుంటే ఒక్కో మ్యాచ్‌కి 20 యూరోల లోపే పడుతుంది. జర్మనీలో క్లబ్ ఓటు హక్కులో సగం కంటే ఎక్కువ సభ్యుల చేతిలోనే ఉండాలనే నియమం ఉంది, అందుకే ధర పెంచాలంటే యాజమాన్యం ఆలోచిస్తుంది. ఇంగ్లండ్‌లో 1989లో హిల్స్‌బరో స్టేడియంలో జరిగిన తొక్కిసలాటలో 97 మంది చనిపోయాక పెద్ద స్టేడియాలన్నిటిలో కుర్చీలు తప్పనిసరి చేశారు. తప్పు పోలీసుల నిర్వహణది, శిక్ష నిలబడి చూసేవాళ్లకు పడింది. 2022లో గానీ అక్కడి టాప్ లీగ్ అయిన ప్రీమియర్ లీగ్‌లోకి మళ్లీ నిలబడే చోటు రాలేదు. లండన్ జట్టు వెస్ట్ హామ్‌దైతే మరీ అన్యాయం. వందేళ్లకు పైగా ఆడిన అప్టన్ పార్క్ వదిలి 2016లో ఒలింపిక్ స్టేడియానికి మారారు. అక్కడ జనానికీ మైదానానికీ మధ్య బోలెడంత దూరం. ఇళ్ల మధ్య ఉన్న ఆ పాత మైదానాన్ని కూల్చేసి ఫ్లాట్లు కట్టారు.

సౌత్ స్టాండ్ టికెట్ మామూలుగా దొరకదు, చాలావరకు సీజన్ కార్డులకే పోతుంది. ముందుగా క్లబ్ సభ్యత్వం తీసుకుని ప్రయత్నించండి, బయట బ్లాకులో మాత్రం కొనొద్దు. ఏదీ కుదరకపోతే పక్కనే ఉన్న రోటె ఎర్డె స్టేడియానికి వెళ్లండి. 1926లో కట్టింది. 1974 దాకా డోర్ట్‌మండ్ మెయిన్ జట్టు ఆడింది అక్కడే, ఇప్పుడు రిజర్వ్ జట్టు ఆడుతుంది. ఆ మ్యాచ్‌లకు టికెట్ తేలిగ్గా దొరుకుతుంది, అక్కడా నిలబడే చూడొచ్చు.