లాబ్రడార్ పిల్లకు ఆర్నెల్లు నిండేదాకా ఆగాలా?

ప్రశ్న: మాకు ఆరు ముర్రా గేదెలు, మూడు దూడలు ఉన్నాయి. కాపలాకు పనికొస్తుందని నెల కిందట లాబ్రడార్ పిల్లను తెచ్చాం. దానికిప్పుడు మూడు నెలలు. దూడల కాళ్ళు పట్టుకుంటోంది, కోళ్ళను తరుముతోంది, పిల్లల చేతులు కొరుకుతోంది. కొడితే ఇంకా రెచ్చిపోతోంది. ఆర్నెల్లు నిండితేగాని ట్రైనింగ్ పనికిరాదంటున్నారు. పగలంతా గొలుసేసి రాత్రి వదిలితే, అప్పుడప్పుడు పచ్చిమిర్చి పెడితే రోషం వస్తుందని కూడా చెబుతున్నారు. ఏం చేయమంటారు? ట్రైనర్ దగ్గర వదిలిపెట్టాలా?
– ఒక పాడి రైతు, దుగ్గిరాల మండలం, గుంటూరు జిల్లా

పశువైద్య శాస్త్రవేత్త జవాబు:

ఆగొద్దండి. ఈ రోజే మొదలుపెట్టండి. ఆర్నెల్ల మాట పాతకాలం నాటిది. మెడకు బిగుసుకునే గొలుసు వేసి, లాగి, గుంజి నేర్పించే రోజుల్లో లేత మెడ తట్టుకోదని అలా ఆగేవారు. ఇప్పుడు తిండి చూపించి నేర్పుతాం కాబట్టి రెండు నెలల పిల్లయినా నేర్చుకుంటుంది. పైగా కుక్కపిల్లకు మూడో వారం నుంచి సుమారు పద్నాలుగో వారం దాకా కాలం చాలా విలువైనది. ఆ రోజుల్లో చూసిన మనుషుల్ని, పశువుల్ని, విన్న చప్పుళ్ళను అది మామూలు విషయాలుగా తీసుకుంటుంది. అప్పుడు చూడనివాటికి పెద్దయ్యాక బెదురుతుంది. కరిచే కుక్కల్లో చాలావాటికి ఉండేది పొగరు కాదు, భయం. మీ పిల్లకు ఆ గడువు దాదాపు అయిపోవచ్చింది.

ఇంకో సంగతి. మీరు నేర్పకపోయినా అది నేర్చుకుంటూనే ఉంది. కాలు పట్టుకుంటే దూడ పరుగెత్తింది. చేయి కొరికితే బాబు కేకలేస్తూ గంతులేశాడు. దానికి ఇంతకంటే మంచి ఆట ఏముంటుంది? మీరు కొట్టడానికి చేయి ఆడించినా ఆ ఆటలో అదొక భాగం అనుకుంటుంది, లేదా చేతిని చూస్తేనే భయపడటం మొదలుపెడుతుంది. రెండూ మనకు నష్టమే. ముఖ్యంగా అది గుర్రుమన్నప్పుడు కొట్టకండి. గుర్రుమనడం అంటే ‘దగ్గరికి రావద్దు’ అని ముందుగా చెప్పడం. దాన్ని కొట్టి మాన్పిస్తే, రేపు చెప్పకుండానే కరుస్తుంది.

ఈ వయసులో కొరకడం జబ్బేమీ కాదు. పాలపళ్ళు నాలుగో నెల నుంచి ఊడుతూ, ఆరేడు నెలలకు మొత్తం గట్టి పళ్ళు వచ్చేస్తాయి. అందాకా చిగుళ్ళు సలుపుతుంటాయి. పాత తువ్వాలును ముడివేసి ఇవ్వండి, తడిపి ఫ్రిజ్‌లో చల్లబరిచి ఇస్తే ఇంకా మంచిది. చేయి కొరికిన క్షణమే ఆట ఆపేసి, చేతులు కట్టుకుని, అటు తిరిగి అర నిమిషం నిలబడమని పిల్లలకు చెప్పండి. కేకలొద్దు, పరుగులొద్దు. ఇంట్లో నలుగురూ ఇదే పద్ధతి పాటించాలి. ముగ్గురు పాటించి, తాతగారొక్కరు సరదాగా చేతులు కొరికించుకుంటుంటే అది మానదు.

దూడల సంగతి మాత్రం ఆలస్యం చేయకండి. తరమడమే కుక్కకు పెద్ద బహుమతి. ఒక్కసారి తరిమినా అలవాటు ఇంకాస్త గట్టిపడుతుంది. కాబట్టి ఇవాళ్టి నుంచి బెల్టు, ఐదారు గజాల తాడు లేకుండా దాన్ని గొడ్ల చావిడి దగ్గరికి వదలొద్దు. పాలు తీసే వేళ కాకుండా, పశువులు నెమరేస్తున్నప్పుడు తీసుకెళ్ళండి. దూడలు కనిపించాలి, కానీ పిల్ల వాటి మీదికి ఉరకనంత దూరంలో నిలబడండి. దూడను చూసి, మళ్ళీ మీ వైపు తిరిగిన వెంటనే ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. ఉరికితే తిట్టకుండా నాలుగడుగులు వెనక్కి తీసుకురండి. అంటే మీరే తొందరపడి దగ్గరికి తీసుకెళ్ళారన్నమాట. రోజులు గడిచేకొద్దీ దూరం తగ్గించండి. కోళ్ళకూ ఇదే పద్ధతి. ఏడాది దాటేవరకు పశువుల మధ్య దాన్ని ఒంటరిగా వదలకండి. గేదె ఒక్క తన్ను తంతే పిల్ల పక్కటెముకలు విరుగుతాయి.

ముక్క పెట్టడంలో కిటుకంతా సమయంలోనే ఉంది. మంచి పని చేసిన ఒకటి రెండు సెకన్లలోనే నోట్లో పడాలి. జేబులో వెతుక్కుని ఇచ్చేలోపు అది ఇంకో పని చేసి ఉంటుంది, ముక్క దానికే అనుకుంటుంది. ఒక్కోసారి రెండు మూడు నిమిషాలకు మించొద్దు. రోజుకు నాలుగైదుసార్లు, అన్నం పెట్టే ముందు చేయిస్తే చాలు. మన ఎండల్లో పొద్దున ఏడులోపు, మళ్ళీ పొద్దుగూకాక మాత్రమే. లాబ్రడార్‌కు ఒత్తు బొచ్చు, వేడికి తొందరగా సొమ్మసిల్లుతుంది.

‘రా’, ‘కూర్చో’, ‘వదులు’, ఈ మూడు మాటలు చాలు. కమ్, సిట్ అని ఇంగ్లీషే మాట్లాడాలని రూలేం లేదు. ఏ మాటైనా అందరూ అదే వాడాలి. ‘రా’ అని పిలిచి తిట్టడం, పిలిచి కట్టేయడం చేయకండి. పిలిస్తే ముక్క దొరకాలి, మళ్ళీ ఆడుకోవడానికి వదలాలి. అప్పుడే రోడ్డు మీద లారీ వస్తున్నప్పుడు పిలిచినా వస్తుంది.

పాడి రైతుగా మీకు అన్నిటికంటే ముఖ్యమైనది ‘వదులు’. గుప్పిట్లో ముక్క పెట్టి మూసి చూపండి. వాసన చూసి, నాకి, విసిగి మూతి వెనక్కి తీసిన క్షణంలో ‘వదులు’ అని, రెండో చేతిలోని ముక్క ఇవ్వండి. కుదిరాక నేల మీద పెట్టి నేర్పండి. దీని అవసరం ఎక్కడంటే, గేదె ఈనిన తర్వాత పడే మాయ దగ్గర. మాయను, ఈసుకుపోయిన (నెలలు నిండకుండా పడిపోయిన) దూడను తిన్న కుక్క నియోస్పోరా అనే పరాన్నజీవిని తెచ్చుకోవచ్చు. అది కుక్క మలంలోంచి దాణాలో, చొప్పలో, నీళ్ళలో కలిస్తే పశువులకు సోకుతుంది. ఆవుల్లో ఐదారు నెలల చూడి ఈసుకుపోవడానికి ఇదొక కారణం. గేదెలకూ సోకుతుంది. అందుకే మాయను వెంటనే లోతుగా పాతిపెట్టండి. కుక్కను దాణా గదిలో, గడ్డివాము దగ్గర మలవిసర్జన చేయనివ్వకండి. నిద్ర లేవగానే, తిన్న పది పదిహేను నిమిషాలకు, ఆడుకున్నాక పెరట్లో ఒకే మూలకు తీసుకెళ్ళి, అక్కడ పని కానిచ్చాక ముక్క పెడితే ఆ మూలే అలవాటవుతుంది.

మాంసం కొట్టు నుంచి తెచ్చిన పచ్చి పేగులు, కాలేయం పెట్టొద్దు. వాటిలోని తిత్తుల నుంచి కుక్క పేగుల్లో బద్దెపురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు మన కడుపులోకి వెళితే కాలేయంలో, ఊపిరితిత్తుల్లో నీటి తిత్తులు కడతాయి. ఎలుకల మందు, పురుగుమందు డబ్బాల విషయంలో ‘వదులు’ను నమ్ముకోకుండా తాళం వేయండి.

టీకాల గురించి మీరు రాయలేదు. పార్వో, డిస్టెంపర్ లాంటి జబ్బులకు ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదటి టీకా, తర్వాత 3–4 వారాల తేడాతో 16 వారాలు నిండేదాకా వేయించాలి. మూడు నెలలకు రేబిస్ టీకా, తర్వాత ఏటా. ఆర్నెల్ల దాకా నెలకోసారి నట్టల మందు. టీకాలు పూర్తికాకుండా వీధికుక్కలు తిరిగే చోట నేల మీద దించకండి. అలాగని ఇంట్లోనే దాచొద్దు. చంకనెత్తుకుని పాల కేంద్రానికి, ట్రాక్టర్ దగ్గరికి, బ్యాండు మేళం వినిపించే వీధి చివరికి తీసుకెళ్ళి చూపించండి. హెల్మెట్ పెట్టుకున్నవాళ్ళు, తలపాగా వాళ్ళు, స్ప్రేయర్ మోసేవాళ్ళు దాని చేతికి... కాదు, నోటికి ఒక్కో ముక్క అందిస్తే ఇంకా మంచిది.

మీ పిల్లలకు కుక్కపిల్ల పాలపళ్ళు గీరుకుని రక్తం వచ్చినా తేలిగ్గా తీసుకోకండి. సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళండి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో 0 (మొదటి సూది వేసిన రోజు), 3, 7, 28 రోజుల్లో రేబిస్ టీకా సూదులుంటాయి, ఒక్కటీ తప్పకూడదు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక వైద్యం లేదు.

గొలుసు, పచ్చిమిర్చి సంగతి. గుంటూరు మిర్చి మీద గౌరవంతోనే చెబుతున్నా, అది కుక్కకు పెట్టేది కాదు. నోరు, కడుపు మండి వాంతులు, విరేచనాలవుతాయి తప్ప రోషం రాదు. పగలంతా కట్టేసిన కుక్క దొంగకీ చుట్టానికీ తేడా తెలియకుండా పెరుగుతుంది. రాత్రి వదిలినప్పుడు పాలవాడినైనా పట్టుకుంటుంది. కొత్తవాళ్ళు వస్తే మొరగడం చాలా కుక్కలకు ఏడాదికల్లా వయసుతోపాటే వస్తుంది. కాకపోతే లాబ్రడార్ వేటలో పడిన పక్షిని తెచ్చిచ్చే జాతి, మనుషులంటే ఇష్టం. అది మొరిగి మిమ్మల్ని లేపుతుంది. అంతకుమించి ఆశించకండి. నన్ను ముందే అడిగి ఉంటే చావిడి కాపలాకు మంచి నాటు పిల్లనే తెచ్చుకోమనేవాణ్ని.

ట్రైనర్ దగ్గర నెలపాటు వదిలేస్తే అది ఆయన మాట వింటుంది, మీ మాట కాదు. ఇంటికి వచ్చి మీకు, మీ పిల్లలకు నేర్పేవాళ్ళనే పిలవండి. కుక్క తప్పు చేస్తే ఏం చేస్తారని అడగండి. కర్రో, బిగించే గొలుసో చూపిస్తే టీ ఇచ్చి పంపించేయండి. పిల్ల తిండి దగ్గర బిగుసుకుపోయి గుర్రుమంటుంటే మాత్రం పశువైద్యునికి చూపించండి. గన్నవరంలోని ఎన్టీఆర్ పశువైద్య కళాశాలకు కూడా తీసుకెళ్ళొచ్చు.

ఒకటి ముందే చెప్పి ఉంచుతాను. ఏడెనిమిది నెలల వయసులో అది నేర్చుకున్నదంతా మరచిపోయినట్టు ప్రవర్తిస్తుంది, పిలిస్తే పలకదు. అది ఎదుగుదలలో భాగమే. అప్పుడు కర్ర తీయకుండా, మళ్ళీ పొడవు తాడు తగిలించి ‘రా’ దగ్గర నుంచి మొదలుపెట్టండి.