వాళ్ళ ఇంటి గొడవ కాదు, వాళ్ళు మన ఇంటికి అమ్మేదే అసలు వివాదం

"సినిమా వాళ్ళ, క్రికెటర్ల వివాదాల మీద దాచుకోకుండా మీ అభిప్రాయం చెప్పండి, వాళ్ళను చూసి హోదా కోసం ఖర్చు పెట్టే అలవాటు మీ ప్రాంతంలో ఎంతవరకు వచ్చింది?" అన్నది ఇక్కడ అడిగిన ప్రశ్న.

నేను ఒడిశాలోని గంజాం జిల్లా బరంపురంలో పట్టు చీరల దుకాణం నడుపుతున్నాను. మా పూర్వులు రాజమహేంద్రవరం వైపు నుంచి వలస వచ్చిన నేతవారని ఇంట్లో చెప్పుకుంటారు. తాతగారి కాలంలో ఇంట్లో మగ్గాలు ఆడేవి; నాన్నగారి కాలంలో అవి ఆగిపోయి దుకాణం మిగిలింది. పెళ్ళి బట్టలకు వచ్చేవాళ్ళతో రోజంతా మాట్లాడే పని కాబట్టి, ఎవరిని చూసి ఎవరు ఏం కొంటున్నారో నాకు దగ్గరగా తెలుసు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ప్రముఖుల విషయంలో మనం ఊరుకోవలసిన చోట కోప్పడుతున్నాం, కోప్పడవలసిన చోట ఊరుకుంటున్నాం. ఒకరి విడాకులు, ఒకరి రెండో పెళ్ళి, ఒక కుటుంబంలో అన్నదమ్ముల ఆస్తి తగాదా, ఇవన్నీ వాళ్ళ ఇంటి సంగతులు. వాటివల్ల బరంపురంలో ఉన్న నాకు గానీ శ్రీకాకుళంలోనో హైదరాబాద్‌లోనో ఉన్న మీకు గానీ పైసా నష్టం లేదు. అదే మనిషి తన ముఖం చూపించి ఒక వస్తువును మన పిల్లల చేత కొనిపించినప్పుడు మాత్రం దాని నష్టం నేరుగా మన గడపలోకి వస్తుంది. గట్టిగా మాట్లాడవలసింది అప్పుడు.

2024 అక్టోబరులో తెలంగాణ మంత్రి ఒకరు రాజకీయ ప్రత్యర్థిని విమర్శించే తొందరలో ఒక నటి విడాకులను మధ్యలోకి లాగి, తరువాత ఆ మాటలను వెనక్కు తీసుకున్నారు. ఆ వారమంతా మా దుకాణానికి వచ్చినవాళ్ళు కూడా ఆ అమ్మాయి సంసారం గురించి సొంత ఆడపడుచు కాపురం గురించి మాట్లాడినంత చనువుగా తీర్పులు చెప్పారు. తప్పు ఎవరిదో తేల్చడానికి మనం ఎవరం? ఆమె ఏ పార్టీలోనూ లేదు, ఎవరికీ హాని చేయలేదు. నటించడం తప్ప మనకు ఆమె బాకీ పడినదేమీ లేదు. విడిపోయిన ఆడదాని గురించి అలా నోరు పారేసుకోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఆ తరువాత రెండు నెలలకే, డిసెంబర్ 4 రాత్రి, హైదరాబాద్ సంధ్య థియేటర్ దగ్గర ఒక పెద్ద సినిమా ప్రీమియర్‌కు హీరో రావడం, తొక్కిసలాట జరగడం, ఒక తల్లి ప్రాణం పోవడం, ఆమె చిన్న కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉండడం అందరికీ తెలుసు. అది నిజంగా జనానికి సంబంధించిన విషయం. గేట్లు ఎన్ని ఉన్నాయి, అంతమందిని ఒకే ద్వారం వైపు ఎవరు రానిచ్చారు, యాజమాన్యానికీ పోలీసులకూ మధ్య ఏ సమాచారం నడిచింది అన్నవి అడగవలసిన ప్రశ్నలు. కానీ హీరోను అరెస్టు చేసిన డిసెంబర్ 13 నుంచి చర్చ అంతా ఆయన అభిమానులకూ ప్రభుత్వాన్ని సమర్థించేవాళ్ళకూ మధ్య పోటీగా మారిపోయింది. చనిపోయిన మనిషి ఆ మాటల్లో ఎక్కడా కనిపించలేదు.

ఇక నేను వివాదం అని పిలిచే అసలు సంగతికి వస్తాను. మా దుకాణం పక్క మలుపులో ఒక పాన్ కొట్టు ఉంది. దాని ముందు పొట్లాల దండలు తలకు తగిలేంత కిందికి వేలాడుతుంటాయి. ఒడిశాలో గుట్కాను 2013లోనే నిషేధించారు. అయితే మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకొక పొట్లం విడివిడిగా ఇస్తారు. కొన్నవాడు రెండింటినీ చింపి, ఒకదాన్ని ఇంకొకదానిలో పోసి, రెండుసార్లు కుదిపి నోట్లో వేసుకుంటాడు. ఆ మసాలా పొట్లం మీద ఉన్న పేరే క్రికెట్ మ్యాచ్ మధ్యలో యాలకుల ప్రకటనగా వస్తుంది, అందులో దేశం మెచ్చిన నటులు నవ్వుతూ కనిపిస్తారు. యాలకుల కోసం ఎవరూ అన్ని కోట్లు ఖర్చు పెట్టరని అది చూసే చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. 2021 అక్టోబరులో అమితాబ్ బచ్చన్ అలాంటి ఒక ఒప్పందం నుంచి తప్పుకుని, అది మారుపేరు ప్రకటన (నేరుగా ప్రచారం చేయకూడని సరుకు పేరును వేరే వస్తువు మీద చూపించడం) కిందికి వస్తుందని తనకు తెలియదని చెప్పి, తీసుకున్న డబ్బు తిరిగి ఇచ్చేశారు. 2022 ఏప్రిల్‌లో అక్షయ్ కుమార్ అభిమానులకు క్షమాపణ చెప్పి తప్పుకున్నారు గానీ, ఒప్పందం గడువు తీరేవరకు ఆ ప్రకటన రావచ్చని కూడా ఆయనే చెప్పవలసి వచ్చింది. క్షమాపణ చెప్పిన మనిషి ముఖమే ఇంకా సరుకు అమ్ముతుంటే ఆ క్షమాపణ ఎవరికి ఉపయోగపడినట్టు?

బెట్టింగ్ యాప్‌ల విషయం ఇంకా దారుణం. మా వీధిలో ఒక కుర్రాడు, తండ్రి ఆటో నడుపుతాడు, ఐపీఎల్ రోజుల్లో ఒక యాప్‌లో ఆడడం మొదలుపెట్టాడు. ముందు కొద్దిగా వచ్చింది, తరువాత అంతా పోయింది, ఆ పైన ఫోన్‌లో తీసుకున్న చిన్న అప్పులు మిగిలాయి. వాళ్ళ అమ్మ మెడలోని గొలుసు తాకట్టుకు వెళ్ళింది. ఎందుకు నమ్మావురా అని నేను అడిగితే, "చినాన్నా, అంత పెద్దవాళ్ళు చెబుతున్నారు కదా, మోసమైతే వాళ్ళెందుకు చెబుతారు?" అన్నాడు. ఈ మాటకు సమాధానం ఇవ్వవలసింది నేను కాదు. 2025 మార్చిలో హైదరాబాద్ మియాపూర్ పోలీసులు సినిమా నటులు, టీవీ వాళ్ళు, యూట్యూబ్ వాళ్ళు కలిపి పాతికమంది మీద కేసు పెట్టారు; తరువాత ఈడీ కూడా రంగంలోకి దిగింది. తాము చట్టం అనుమతించిన నైపుణ్య క్రీడలకే ప్రచారం చేశామని కొందరు వాదించారు. నేరం రుజువయ్యే వరకు ఎవరినీ దోషి అనను. కానీ చట్టం దృష్టిలో తప్పు కాకపోయినంత మాత్రాన ఆ ఆటోవాలా ఇంటికి జరిగినది చిన్నదైపోదు. 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించి, వాటికి ప్రచారం చేసేవారికి రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల రూపాయల వరకు జరిమానా పెట్టింది. ఆలస్యంగానైనా ఇది రావడం మంచిదని నా నమ్మకం.

"మేము నటులం, ఇచ్చిన మాటలు చదువుతాం, వస్తువు మంచిచెడ్డలు మాకేం తెలుస్తాయి" అనే వాదనను నేను ఒప్పుకోను. తెలుసుకుని వద్దన్నవాళ్ళు ఉన్నారు. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ పోటీ గెలిచిన తరువాత శీతల పానీయం ప్రకటనకు వచ్చిన డబ్బు వద్దన్నారు. అప్పటికి ఆయన పెద్ద ధనవంతుడు కాదు, ఆ పానీయం తాను తాగనప్పుడు పిల్లలకు తాగమని ఎలా చెబుతానన్నదే ఆయన ఆలోచన. సాయి పల్లవి తెల్లదనం ఇస్తామనే క్రీమ్ ప్రకటనను కాదన్నారు. మా ఇంట్లో ఛాయ తక్కువని మాటలు పడిన ఆడపిల్ల ఉంది, ఆ వార్త చదివిన రోజున ఆ పిల్ల ముఖం చూసిన నాకు అది ఎంత పెద్ద మేలో తెలుసు. వివాదం కాలేదు కాబట్టి ఇలాంటి వార్తలు ఒక్క రోజుతో సరి.

రెండో ప్రశ్న, హోదా కొనుగోళ్ళ గురించి. సరిహద్దు జిల్లాల్లో ఇది మరీ బలంగా ఉండడానికి ఒక కారణం ఉందని నాకనిపిస్తుంది. ఇక్కడ మా పిల్లలు బడిలో చదివేది ఒడియా, ఇంగ్లీషు. తెలుగు మాధ్యమ పాఠశాలలు తగ్గిపోయాయి. ఇంట్లో పెద్దవాళ్ళ నోట తప్ప వాళ్ళకు తెలుగు వినబడేది సినిమాలోను, ఫోన్‌లోను. కాబట్టి హీరో హీరోయిన్లు వేసుకున్నది, తిన్నది, తిరిగినది మా పిల్లలకు ఒట్టి ఫ్యాషన్‌గా కాక, మన తెలుగువాళ్ళు ఇలా ఉంటారన్న నమూనాగా చేరుతుంది. దానికి తోడు సంబంధాలు ఎక్కువగా శ్రీకాకుళం, విశాఖ వైపు కుదురుతాయి. ఆంధ్రా వియ్యంకులు వస్తున్నారంటే, ఒడిశావాళ్ళు వెనుకబడి ఉన్నారని అనుకుంటారేమోనన్న భయం ఇంటి పెద్దను పట్టుకుంటుంది. పెళ్ళిలో సగం ఖర్చు ఆ భయమే పెట్టిస్తుంది. వాళ్ళను తప్పుపట్టడానికి నాకు నోరు రాదు.

మా పెళ్ళిళ్ళలో నలుగు పెట్టి మంగళస్నానం చేయించేవారు. ఇంటి ఆడవాళ్ళు ఉన్న చీరలే కట్టుకునేవారు. ఇప్పుడు దాన్ని హల్దీ అంటున్నారు, అందరూ పసుపు రంగు బట్టల్లో ఉండాలి. ఆ ఒక్క పూట కోసం చుట్టాలందరికీ పసుపు చీరలు కొంటున్నారు, అవి మళ్ళీ ఎవరూ కట్టరు. తరువాత సంగీత్, దానికి ఇంకొక జత. దానికి ముందు గోపాల్‌పూర్ సముద్రం ఒడ్డున డ్రోన్‌తో ఫొటో షూట్. ఇవి అమ్ముకుని బతికేవాడిని కాబట్టి నాకు లాభమే, అయినా చెబుతున్నాను: కూతురి పెళ్ళికి అప్పు చేసిన తండ్రి పసుపు చీరల బిల్లు కడుతున్నప్పుడు ఆయన చేతిని చూడడం నాకు కష్టంగా ఉంటుంది.

మొన్న ఒక పెళ్ళికూతురు తల్లితో కలిసి వచ్చి, ఫోన్‌లో ఒక నటి పెళ్ళి ఫొటో చూపించి అచ్చం అలాంటి చీర కావాలంది. నేను ముందు మన బరంపురం పట్టు తీశాను. అంచు వెంబడి గుడి గోపురాల్లా పైకి లేచే ఫొడా కుంభ నేత ఉన్న చీర అది. 2012లో దానికి భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) వచ్చింది. అంచులో ఒక పోగు లాగి కాల్చి చూపించాను. పట్టు దారం వెంట్రుక కాలిన వాసనతో కాలి, వేలితో నలిపితే బూడిదగా రాలిపోతుంది. అదే పాలియెస్టర్ అయితే కరిగి చిన్న గట్టి ముద్దగా మిగులుతుంది. తల్లి చీర అంచును చాలాసేపు వేళ్ళతో నిమిరింది. అమ్మాయి మాత్రం, "అంకుల్, ఇది మా నాయనమ్మ చీరలా ఉంది, ఫొటోలో ఇలా రాదు" అంది. చివరకు వాళ్ళు ఫొటోలోని రంగు సరిపోయిన పవర్‌లూమ్ చీర కొన్నారు. ధర పెద్దగా తేడా లేదు. అమ్మాయిది తప్పని నేను అనను. తన చీరను ఊరి కళ్ళతో కాక ఫోన్ కళ్ళతో చూడమని నేర్పింది మేమే, పెద్దవాళ్ళమే. నా బాధ వేరు. మగ్గం వదిలేసిన ఇళ్ళ నుంచి కుర్రాళ్ళు ఇప్పుడు సూరత్ పవర్‌లూమ్‌లకు పోయి, రాత్రింబవళ్ళు షిఫ్టుల్లో నిలబడి ఆ నకలు బట్టనే నేస్తున్నారు.

అలా వెళ్ళిన మా బంధువుల అబ్బాయి ఒకడు సెలవుకు ఖరీదైన ఫోన్‌తో వచ్చాడు. నో కాస్ట్ ఈఎంఐ కాబట్టి వడ్డీ లేదని వాడి ధీమా. కాగితం తీసి లెక్క వేసి చూపించాను. ఉదాహరణకు 80,000 రూపాయల ఫోన్‌ను రొక్కంతో కొంటే దుకాణదారు 5,000 తగ్గిస్తాడనుకుందాం. వాయిదాల్లో కొంటే ఆ తగ్గింపు రాదు, అదే వడ్డీ. పైన ప్రాసెసింగ్ ఫీజు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఒక్క వాయిదా తప్పితే బౌన్స్ చార్జీ వేరు. సున్నా శాతం వడ్డీ అనేది అసలు ఉండదని, వడ్డీని ఫీజుల రూపంలో దాచి వసూలు చేయడం సరికాదని రిజర్వ్ బ్యాంకు 2013 సెప్టెంబరులోనే బ్యాంకులకు స్పష్టం చేసింది. వాడు లెక్క అర్థం చేసుకున్నాడు గానీ ఒక మాట అన్నాడు: "ఈ ఫోన్ లేకపోతే అక్కడ నన్ను మనిషిగా చూడరు, మావయ్యా." హోదా కోసం కొనేవాళ్ళను వెక్కిరించేవాళ్ళందరూ ఈ మాట వినాలి. గౌరవం దొరకని చోట మనిషి దాన్ని కొనుక్కోవడానికి ప్రయత్నిస్తాడు, అమ్మేవాళ్ళకు ఆ సంగతి మనకంటే ముందే తెలుసు. అందుకే ప్రకటనలో ఫోన్ గురించి తక్కువగా, దాన్ని పట్టుకున్న హీరోను చూసి పక్కవాళ్ళు తలతిప్పడం గురించి ఎక్కువగా చూపిస్తారు.

ఎవరినీ బహిష్కరించమని నేను అడగడం లేదు. నాకూ అభిమాన నటులు ఉన్నారు, సినిమా విడుదలైతే ఇంటిల్లిపాదీ వెళతాం. తెర మీద నటనకు చప్పట్లు కొడదాం, తెర వెనుక కాపురాన్ని వాళ్ళకే వదిలేద్దాం. ప్రకటన విషయంలో మాత్రం వినియోగదారులుగా మాట్లాడే హక్కు మనకు ఉంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనలో నటించిన వ్యక్తికి మొదటిసారి 10 లక్షలు, మళ్ళీ చేస్తే 50 లక్షల రూపాయల వరకు జరిమానా వేయవచ్చు; మొదట ఒక ఏడాది, తరువాత మూడేళ్ల వరకు ప్రకటనల్లో నటించకుండా ఆపవచ్చు. కోట్లు తీసుకునేవారికి 10 లక్షలు లెక్కలోది కాదు, ఆ మొత్తం పెంచాలి. ఏడాదిపాటు ఆపడం మాత్రం వాళ్ళకు నిజంగా తగులుతుంది. మారుపేరు ప్రకటనలను కేంద్రం 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా నిషేధించాయి.

అలాంటి ప్రకటన కనబడితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడవచ్చు కాబట్టి మా వైపు వాళ్ళు భాష గురించి జంకనక్కరలేదు. ప్రకటనల మీద ఫిర్యాదులు చూసే అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్‌కు 77100 12345 నంబరుకు వాట్సాప్‌లో కూడా పంపవచ్చు. పంపే ముందు ప్రకటన స్క్రీన్‌షాట్ గానీ వీడియో గానీ, అది వచ్చిన తేదీ, ఏ చానల్‌లోనో ఏ యాప్‌లోనో వచ్చిందన్న వివరం దగ్గర పెట్టుకోండి.